ఇంజనుకి మంచినీళ్లు

చొల్లంగి అమావాస్యకి సముద్రస్నానం చేసొచ్చిన వాళ్లనెవర్నైనా అడిగి చూడండి. పుణ్యం సంగతి తరవాత చెబుతారు. ముందు చెప్పేది మాత్రం ఒకటే: ఇంటికొచ్చి రెండు చెంబులు మంచినీళ్లు నెత్తిన గుమ్మరించుకునేదాకా ప్రాణం కుదుటపడలేదని. ఒళ్లంతా జిగట, పెదాల మీద ఉప్పు, చీర కుచ్చెళ్లలో ఇసక, జుట్టేమో కొబ్బరిపీచు. మూడు మునకలకే మనకింత చిరాకైతే, రోజూ తెల్లవారుజామున సముద్రంలో దిగి మధ్యాహ్నానికి గాని ఒడ్డెక్కని పడవ మాటేమిటి? ఆ పడవ వెనకాల వేలాడుతూ, ఉప్పునీళ్లు తాగుతూ కక్కుతూ పనిచేసే ఇంజను మాటేమిటి?

దానికీ ఇంటికి రాగానే మంచినీళ్ల స్నానం చేయించాలిట. పైన పోస్తే చాలదు, లోపల కూడా కడగాలి. ఈ సంగతి విన్న దగ్గర్నుంచీ నా బుర్రలో ఇది తిరుగుతూనే ఉంది. ఇంజన్ల గురించి నాకు తెలిసింది తక్కువ. చదివింది చరిత్రా తెలుగూ. అంచేత నేను దీన్ని చరిత్ర వైపునించే పట్టుకున్నాను. పట్టుకుంటే ఎక్కడిదాకా లాక్కుపోయిందంటే, నాలుగు వందల ఏళ్ల వెనక్కి, మన నరసాపురం రేవుకి!

అక్కడికెళ్లే ముందు ఒక్క మాట. ఈ నీళ్లని ఇంగ్లీషువాళ్లు తాజా నీళ్లన్నారు. హిందీవాళ్లు తీపి నీళ్లన్నారు. మనం మాత్రం ఏకంగా "మంచి" నీళ్లనేశాం. సముద్రాన్ని చెడ్డదని ఎవరూ అనలేదు పాపం, కాని ఆ మాటలోనే తీర్పు ఉందా లేదా మీరే చెప్పండి. ధవళేశ్వరం దగ్గర గోదావరి చీలి, ఇటు గౌతమి, అటు వసిష్ఠ అయి, మళ్లీ పాయలు పాయలై సముద్రంలో కలిసేదాకా ఉన్న ఈ నేలంతా మంచినీళ్లకీ ఉప్పునీళ్లకీ మధ్య తగువే. పోటు వచ్చినప్పుడు సముద్రం మొగల్లోంచి లోపలికి వస్తుంది, పాటు తీసినప్పుడు వెనక్కి పోతుంది. అంతర్వేదిలో "అన్నాచెల్లెళ్ల గట్టు" చూసినవాళ్లకి ఈ సంగతి నేను చెప్పక్కర్లేదు. ఒక పక్క వసిష్ఠ, ఒక పక్క సముద్రం, మధ్యని ఆ గట్టు. దానికి అన్నాచెల్లెళ్ల పేరు పెట్టినవాళ్లెవరోగాని, పుట్టింటి తగువులు బాగా తెలిసినవాళ్లయి ఉంటారు.

సరే, నరసాపురం. ఇవాళ మనకి ఆ పేరు చెబితే లేసులు గుర్తొస్తాయి. పదిహేడో శతాబ్దంలో మాత్రం కోరమాండల్ తీరం మొత్తానికీ ఓడలు కట్టే చోటంటే అదే. పక్కనే మాధవాయిపాలెం. అడవుల నించి కలప గోదావరి మీద తేలుతూ దిగొచ్చేది. వడ్రంగులూ కమ్మర్లూ అక్కడే ఉన్నారు. ఇంగ్లీషు కంపెనీ వాళ్లూ డచ్చివాళ్లూ కూడా అక్కడ ఓడలు కట్టించుకునేవారు, బాగు చేయించుకునేవారు. 1614లో "గ్లోబ్" అనే ఇంగ్లీషు ఓడ అలా బాగుకోసమే నరసాపురం నదిలోకి వచ్చింది. మూడేళ్లకి పైగా సముద్రాల మీద తిరిగిన ఓడ. బందరు, బాంటం, పటాని, సయాం అన్నీ చూసొచ్చింది. అందులో వర్తకుడు పీటర్ ఫ్లోరిస్. డచ్చివాడే గాని ఇంగ్లీషువాళ్ల కొలువులో ఉన్నాడు. దినచర్య రాసుకునే అలవాటున్నవాడు కాబట్టి మనకీ ముచ్చట్లు మిగిలాయి.

ఓడకి అంత జబ్బేమిటంటారా? పురుగు. కొయ్యకి మనింట్లో చెదలెలాగో ఓడకి సముద్రంలో ఆ పురుగలాగ. పేరుకి పురుగేగాని వరసకి ఆల్చిప్పకి చుట్టమట. పిల్లగా ఉన్నప్పుడు గుండుసూది మొనంత రంధ్రం చేసుకుని దూరుతుంది, లోపలే పెరిగి పెద్దదై కొయ్యని జల్లెడ చేసేస్తుంది. బయటినించి చూస్తే చెక్క నున్నగానే ఉంటుంది. 1503లో కొలంబసు నాలుగో యాత్ర ఓడల్ని ఇలాగే తినేస్తే, ఆయన జమైకా ఒడ్డున చిక్కుకుపోయి ఏడాది పడిగాపులు కాశాడు. దీనికి నావికులు కనిపెట్టిన మందులు రకరకాలు. తారు పూయడం, గుగ్గిలం పూయడం, ఓడని ఒరగదీసి అడుగు కాల్చడం, గీకడం. అన్నిటికన్నా ఖర్చులేని మందు మాత్రం నదిలోకి తీసుకుపోయి మంచినీళ్లలో నిలబెట్టడం. ఉప్పు లేకపోతే ఆ పురుగు బతకదు. అయితే అదీ తక్కువది కాదు. నీటి రుచి మారగానే తన రంధ్రానికి తలుపేసుకుని కూర్చుంటుంది. కొన్ని వారాలైనా అలా కూర్చోగలదు. అంచేత ఓడని వారం నిలిపి తీసుకుపోతే లాభం లేదు, ఓపిగ్గా ఉంచాలి. ఓడ కడిగేది నీళ్లు మాత్రమే కాదన్నమాట, నీళ్లూ రోజులూ కలిసి కడగాలి.

ఇక్కడ చిన్న పక్కదారి పడతాను, క్షమించాలి. ఈ ఫ్లోరిసుకి బందరు గవర్నరు బాకీ ఉన్నాడు. ఎంతకీ తీర్చడు. ఇవాళ రేపు అని తిప్పాడు. ఓడ బాగై వెళ్లిపోయే రోజు దగ్గరపడుతోంది. ఫ్లోరిసు ఏం చేశాడూ? గవర్నరు కొడుకుని ఎత్తుకుపోయి ఓడలో పెట్టుకున్నాడు! ఆ అబ్బాయి పేరుని దొరలు వాళ్ల నాలిక తిరిగినట్టు రాశారుగాని, మన వెంకటాద్రే. బ్రాహ్మణుడు. ఇతరులు వండింది తినడు, ఇతరులు ఇచ్చిన నీళ్లు తాగడు. చుట్టూ సముద్రం, ఓడ నిండా పీపాల్లో నీళ్లు, ఈ కుర్రవాడు మాత్రం చుక్క ముట్టకుండా కూర్చున్నాడు. ఫ్లోరిసుకే జాలి వేసిందిట. చివరికి తండ్రి డబ్బు కట్టి విడిపించుకున్నాడనుకోండి. వర్తకులు దీన్ని గొప్ప సాహసంగా చెప్పుకున్నారు. నాకు మాత్రం ఆ కబురు విని ఇంట్లో ఆ తల్లి ఎన్నిసార్లు మంచినీళ్ల గ్లాసు చేతిలోకి తీసుకుని మళ్లీ కింద పెట్టి ఉంటుందో అన్నదే ధ్యాస. దాని గురించి దినచర్యలో ఉండదు కదా.

నరసాపురం వెనకపడ్డాక వంతు కోరంగిది. గౌతమి పక్కన, ఇప్పటి కాకినాడకి దగ్గరలో. 1802లో ఎబెనేజర్ రోబక్ అనే ఇంగ్లీషు వర్తకుడు అక్కడ ఓడల మరమ్మతుకి డాకు కట్టించాడు. తాళ్లరేవు వడ్రంగులకి పేరు అప్పట్నించీ ఉంది. అక్కణ్ణించి బర్మా వెళ్లిన మనవాళ్లు ఎంతమందంటే, బర్మాలో తెలుగువాళ్లందరికీ "కోరంగీ"లన్నదే పేరైపోయింది, శ్రీకాకుళం నించి వెళ్లినా సరే. ఆ కోరంగిని 1789లో ఒకసారి, 1839లో ఒకసారి ఉప్పెన మింగింది. కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ తుఫానుల మీద రాస్తూ 1848లో "సైక్లోన్" అనే మాట పుట్టించాడు. ఆయన పరిశీలించిన తుఫానుల్లో మన కోరంగిది ఒకటి. ఇవాళ రేడియోలోనూ టీవీలోనూ ఆ మాట వినపడినప్పుడల్లా నాకు కోరంగి గుర్తొస్తుంది. తరవాత ఇసక మేట వేసి, పెద్ద ఓడలు రావడం మానేసి, రేవు కాకినాడకి తరలిపోయింది.

పొగ ఓడలు వచ్చాక పురుగు బెడద తగ్గిందిగాని ఉప్పు బెడద లోపలికి చేరింది. తొలినాటి సముద్రపు స్టీమర్లు బాయిలర్లో సముద్రపు నీళ్లే పోసి మరిగించేవి. మరిగిస్తే ఏమవుతుందో మనకి వేరే చెప్పాలా? వేణ్ణీళ్ల గుండిగ అడుగున తెల్లగా పెచ్చు కడుతుందే, అదే. కొన్ని గంటలకోసారి ఆ చిక్కటి ఉప్పునీళ్లు బయటికి తోసేసి కొత్తవి పట్టుకోవాలి. అలా తోసేస్తే కాగిన వేడంతా సముద్రం పాలు, బొగ్గు దండగ. 1834లో శామ్యూల్ హాల్ అనే ఆయన వాడిన ఆవిరిని చల్లార్చి, మంచినీళ్లుగా మార్చి, మళ్లీ బాయిలర్లోకే పంపే ఏర్పాటు చేశాడు. 1838లో అట్లాంటిక్ దాటిన "సిరియస్" ఓడలో ఉన్నది ఆ ఏర్పాటే. కాకినాడ నించి రంగూనుకి మన జనాన్ని మోసిన స్టీమర్ల కాలానికి అది మామూలు సంగతైపోయింది. డెక్కు మీద వందలమంది దాహంతో వెళ్లారు, కింద బాయిలరు మాత్రం మంచినీళ్లే తాగింది.

ఇంతలో మన దగ్గర కాటన్ దొర ఆనకట్ట కట్టాడు. 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి. పంటల సంగతి అందరూ రాస్తారు, నేను వదిలేస్తాను. నాకు కావల్సింది కాలువలు. అవి నీళ్లు పారడానికే కాదు, పడవలు నడవడానికి కూడా తవ్వారు. అందుకే లాకులు. మా అమ్మమ్మ పెళ్లయిన కొత్తలో అమలాపురం వైపు అత్తారింటికి గూటిపడవలో వెళ్లిందిట. సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి ఊరు. గట్టు మీద మనుషులు తాడు భుజాన వేసుకుని లాగుతుంటే, లోపల లాంతరు గుడ్డిగా వెలుగుతూ, లాకు దగ్గర నీళ్లు నిండేదాకా ఆగుతూ. "దాహమేస్తే చెంబు వంచి కాలవలో ముంచుకుని తాగడమే" అనేది. ఇవాళ ఆ కాలువ నీళ్లు చూస్తే తాగడం మాట దేవుడెరుగు, పడవైనా ముక్కు మూసుకుంటుంది.

కాని కాలువలు వేసవిలో కట్టేస్తారు. మరమ్మతులకి. అప్పుడు సముద్రానికి దగ్గరి ఊళ్లవాళ్లు కట్టేసే ముందే చెరువులు నింపుకోవాలి, ఆ చెరువు మీద ఆడవాళ్లు కొత్తనీరు వచ్చేదాకా కాలక్షేపం చెయ్యాలి. నూతులు తవ్వితే ఉప్పన. ఒకే డెల్టాలో పై ఊళ్లవాళ్లు నీళ్లలో మునిగి తేలుతుంటే కింది ఊళ్లవాళ్లు బిందె పట్టుకుని నడవాలి. ఆ నడక నేను చివర్లో మళ్లీ ఎత్తుతాను.

ఇప్పుడు ఇంజను పుట్టిన కథ. ఇది ప్రేమకథ, కాబట్టి తీరిగ్గా చెబుతాను.

ఓల్ ఎవిన్‌రూడ్ నార్వేలో 1877లో పుట్టి, చిన్నతనంలోనే అమెరికా వెళ్లినవాడు. మిల్వాకీలో మిషన్ల పని. మాటకారి కాదు. ఆ పక్కనే ఆఫీసు పనులు చూసుకునే బెస్ కేరీ అనే చలాకీ అమ్మాయి. 1906 ప్రాంతంలో ఒక ఎండాకాలం రోజున స్నేహితులందరూ ఒక సరస్సు దగ్గరికి వనభోజనాలకి వెళ్లారు. పడవలో దీవి చేరారు. ఎండ మండిపోతోంది. బెస్ "ఐస్‌క్రీం ఉంటే ఎంత బాగుండును" అంది. అంతే, మన మాటకారి కానివాడు పడవెక్కాడు. రెండున్నర మైళ్లు తెడ్లు వేసుకుంటూ వెళ్లి, ఐస్‌క్రీం కొని, తిరిగొచ్చేసరికి అది పాయసమైపోయింది. ఆ తెడ్లు వేస్తున్నప్పుడే, పడవకి తగిలించుకునే చిన్న ఇంజనుంటేనా అనుకున్నాడుట. ఐస్‌క్రీం కథ ఎంతవరకు నిజమో, వ్యాపారం కోసం ఎంత చిలవలు పలవలు వేసుకుందో ఆ సరస్సుకే తెలియాలి. అంతకుముందే కామెరాన్ వాటర్‌మన్ అనే ఆయన ఇలాంటి ఇంజన్లు చేసి అమ్మాడన్న మాటా నిజమే. ఏమైనా ఆ బెస్‌నే ఎవిన్‌రూడ్ పెళ్లాడాడు, 1909లో తన ఇంజను తయారుచేశాడు. ఒకటిన్నర గుర్రాల బలం, 62 పౌన్ల బరువు, అంటే 28 కిలోలు. ఇనప ముద్ద. దాన్ని చూసి బెస్ కాఫీగింజల మరలా ఉందందిట.

నవ్వినా, దాన్ని అమ్మింది బెస్సే. ప్రకటనలు ఆవిడే రాసింది. తెడ్లు అవతల పారెయ్యండి అన్న ధోరణిలో ఆవిడ రాసిన మాటలకి ఉత్తరాలు వచ్చిపడ్డాయి. లెక్కలు ఆవిడవి, ఉత్తరాలు ఆవిడవి. ఆరోగ్యం పాడై ఆవిడ మంచం పట్టేసరికి, 1914లో ఎవిన్‌రూడ్ తన వాటా అమ్మేసి భార్యని తీసుకుని దేశాలు తిరిగాడు. మగవాళ్లలో ఇలాంటివాళ్లు ఉంటారని రాస్తే నా నవలల్లో అయితే నమ్మరు! ఆవిడ కోలుకున్నాక మళ్లీ ఇంకో ఇంజను. ఈసారి అల్యూమినియంతో, రెండు సిలిండర్లతో, 48 పౌన్లకే. "ఎల్టో" అని పేరు పెట్టింది బెస్సే. ఆవిడ 1933లో పోయింది. ఏడాది తిరిగీ తిరక్కుండా, 1934లో ఆయనా పోయాడు. వాళ్ల పేరుతో ఇంజన్లు 2020 దాకా తయారయ్యాయి, ఆ ఏడాదితో ఆగిపోయాయి.

అల్యూమినియం అన్నాను చూశారూ, అక్కడే ఉంది కిటుకు. ఎత్తి మొయ్యగలిగేంత తేలికైంది ఇంజను, కాని సముద్రానికి మెత్తటి లోహం దొరికింది. మనిళ్లల్లో సిల్వరు గిన్నెలంటామే, పేరుకి సిల్వరేగాని అవి అల్యూమినియమే. దాంట్లో ఉప్పు చింతపండు పులుసు రాత్రంతా ఉంచి చూడండి, పొద్దున్న అడుగున నల్లగా గుంటలు పడి ఉంటాయి. సముద్రపు నీరు లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పు, అంటే రెండు పెద్ద చెంచాలు. మన బంగాళాఖాతంలో నదుల వల్ల కొంచెం తక్కువే అయినా, పులుసుకన్నా ఘాటే.

ఇంజను ఉప్పునీళ్లు ఎందుకు తాగుతుందంటే, చల్లబడటానికి. పడవ వెనక కొసని అమరం అంటారు. అక్కడ తగిలించిన ఇంజనుకి ఒక పొడుగు కాలు నీళ్లలోకి దిగుతుంది. ఆ కాల్లో చిన్న రబ్బరు చక్రం. రెక్కలున్న పువ్వులా ఉంటుంది. అది తిరుగుతూ కింది నీళ్లని పైకి తోస్తుంది. ఆ నీళ్లు సిలిండరు చుట్టూ సన్నటి దారుల్లో తిరిగి, వేడి పీల్చుకుని, కిందికి పోతాయి. అందులో కొంచెం పక్కనించి సన్నటి ధారగా బయటికి వస్తుంది. నీళ్లు అందుతున్నాయనడానికి గుర్తు ఆ ధారే. ధార ఆగిందో, ఇంజను ఆపెయ్యాలి. నడుస్తున్నంతసేపూ పెద్ద నష్టమేమీ లేదు, కొత్తనీళ్లు వచ్చి పాతవాటిని తోస్తూనే ఉంటాయి. ప్రమాదం ఆపిన తరవాత. లోపల మిగిలిన తడి ఆ వేడికి ఆరిపోతుంది, ఉప్పు మాత్రం గోడలకి పట్టుకుంటుంది. రోజుకింత. ఆ దారులు మూసుకుపోతాయి, లోహం పొంగుతుంది, ఒకరోజు నడిసముద్రంలో ఇంజను కాగి పట్టేస్తుంది. అప్పుడు తెడ్లు పారేసిన బాధ తెలుస్తుంది.

కడగడం ఇలాగ. ఒడ్డుకి వచ్చిన రోజే, ఉప్పు ఆరకముందే చెయ్యాలి. పీపా నిండా మంచినీళ్లు పోసి, ఇంజను కాలు అందులో దింపాలి. నీళ్లు లాగే రంధ్రాలు మునిగేలా. గేరు వెయ్యకుండా, మెల్లగా, పది నిమిషాలు తిప్పాలి. గొట్టం ఉన్నచోట పీపా అక్కర్లేదు, రెండు రబ్బరు దొప్పలు ఆ రంధ్రాలకి చెవిదుద్దుల్లా తగిలించి కొళాయి తిప్పుతారు. కొత్త రకాల్లో ఇంజను ఆపి ఉండగానే నీళ్లు పెట్టేందుకు వేరే మూత ఉంటుంది. తరవాత ఇంజనుని నిలువుగా ఉంచి నీళ్లన్నీ ఓడ్చాలి. ఒక్కటి మాత్రం చెయ్యకూడదు, నీళ్లు లేకుండా తిప్పకూడదు. ఆ రబ్బరు పువ్వుకి నీళ్లే నూనె. పొడిగా తిరిగితే క్షణాల్లో అరిగి ముక్కలవుతుంది. కాలికి ఒక తుత్తునాగం బిళ్ల కూడా బిగించి ఉంటుంది, ఉప్పు ముందు దాన్ని తిని ఇంజనుని వదిలేస్తుందని. ఈ ఉపాయం 1824లో హంఫ్రీ డేవీది. ఓడల అడుగున వేసిన రాగిరేకుల్ని కాపాడబోయి ఆయన కనిపెట్టాడు. రాగి భద్రంగానే ఉందిగాని, రాగి అరగకపోయేసరికి దాని విషం నీళ్లలోకి దిగక, నత్తలూ పాచీ హాయిగా పట్టుకున్నాయిట! పాపం డేవీ.

మన తీరానికి ఇవి వచ్చిన దారి తిన్ననిది కాదు. 1952లో నార్వేతో ఒప్పందం కుదిరి మరపడవలు కేరళకి వచ్చాయి. చూశారా, మళ్లీ నార్వే. 1960లో జపానులో యమహా వాళ్లు తమ మొదటి అవుట్‌బోర్డ్ ఇంజను చేశారు. 1979లో మద్రాసు కేంద్రంగా ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ వాళ్ల బంగాళాఖాతం కార్యక్రమం మొదలై, కెరటాల్లోంచి ఒడ్డుకి లాగగలిగే చిన్న పడవలకి ఇంజను ఎలా పెట్టాలా అని మన ఆంధ్ర తీరంలో కూడా ప్రయత్నాలు చేసింది. తరవాత ఫైబరు తెప్పలు వచ్చాయి. 2004 సునామీ తరవాత పడవలూ ఇంజన్లూ ఇచ్చినవాళ్లు చాలామంది. ఇంజను ఇచ్చినవాళ్లు దాన్ని కడిగే నీళ్లు ఎక్కణ్ణించి వస్తాయో అడిగి ఇచ్చారా అని నాకు సందేహం.

ఎందుకంటే నేను చూశాను. క్రిందటి మాఘమాసంలో అంతర్వేది తీర్థానికి వెళ్లినప్పుడు, జనం తగ్గాక సముద్రం వారగా నడుస్తూ ఒక పాలెంలోకి వెళ్లాను. తాటాకు పందిరి కింద సగానికి కోసిన నీలం పీపా. దాని అంచుకి అడ్డంగా చెక్క వేసి, ఇంజను తగిలించి ఉంది. ముప్ఫయ్యేళ్లుంటాయేమో, ఒకావిడ బిందెతో వచ్చి పోసి వెళుతోంది, మళ్లీ వస్తోంది. భర్త పక్కన వల బాగుచేసుకుంటున్నాడు.

"ఎన్ని బిందెలు పడతాయమ్మా?" అన్నాను.

"ఆరండి. పీపా బాగా నిండాలంటే ఏడండి."

"కొళాయి దగ్గరేనా?"

"దగ్గరెక్కడండీ. అదిగో ఆ గుడి వెనకాల. అదైనా రోజూ రాదండి."

"మరి ఇంట్లోకి?"

"ఇంట్లోకీ అవేనండి."

నేను లెక్కలో పడ్డాను. ఏడు బిందెలు ఇంజనుకి, ఇంట్లో అయిదుగురు. నీళ్లు చాలని రోజు ఎవరికి ముందు అని అడిగాను. ఆవిడ నన్ను వింతగా చూసింది.

"ఇంజనికేనండీ. మాకు దాహమేత్తే పక్కింటికెళ్లి గ్లాసుడు అడుక్కుంటాం. అది ఎవరింటికెళ్తదండీ?"

భర్త తలెత్తకుండానే, "బాకీ ఇంకా తీరలేదండి దానిది" అన్నాడు.

తాడు లాగి ఇంజను అంటించాడు. పీపాలో నీళ్లు ముందు తెల్లగా, తరవాత పాలలా, ఆనక బూడిదరంగుగా తిరిగాయి. పక్కనించి సన్నటి ధార పడుతోంది. ఆవిడ ఆ ధార కింద చెయ్యి పెట్టి, వేడి చూసి, తలూపింది. మనం అన్నం ఉడికిందో లేదో చూడటానికి మెతుకు పట్టుకుంటామే, అలాగ. ఆ నీళ్లు పారబోస్తారా అంటే లేదుట. మరిదిగారి ఇంజను, అవతల వీధిలో ఇంకోటి, మూడూ ఇదే పీపాలో. పైన నూనె తెట్టు కట్టేదాకా వాడతారు. "తరవాత మొక్కలకి పనికొస్తాయా?" అన్నాను తెలివిగా. "మొక్క చచ్చిపోద్దండి" అంది.

వానాకాలంలో కొంత సుఖమేనట. జూలై, ఆగస్టుల్లో గోదావరి వరద మీద ఉన్నప్పుడు మొగ దాకా నది నీళ్లే, ఉప్పు సముద్రంలోకి తోసుకుపోతుంది. వేటనించి తిరిగొస్తూ మొగ దాటి పైకి కొంతదూరం నడిపితే చాలు, ఇంజను దానంతటదే కడుక్కుంటుంది, బిందెలు మొయ్యక్కర్లేదు. "అప్పుడు హాయే కదా" అన్నాను. ఆయన వల పక్కన పెట్టి మొదటిసారి నావైపు చూశాడు. "హాయేనండి. కాని అది ఎర్రనీరు కదండీ, ఇసకా బురదా ఉంటాయి. లోపల రబ్బరు అరిగిపోద్దండి. ఏటేటా మార్చాలి" అని, లుంగీ కొసన కట్టుకున్న పాత రబ్బరు పువ్వు విప్పి చూపించాడు. ఆరు రెక్కల్లో రెండు లేవు.